నడుము దుప్పటి

చేతులు రెండూ ముందుకు చాపి కూర్చోమంది, కూర్చున్నాను. అరచేతులు ఎదురెదురుగా, మధ్యలో మూరెడు ఎడం, బొటనవేళ్లు పైకి. ఈ కూర్చోవడం నాకు కొత్తేం కాదు, పెళ్లయిన కొత్తలో మొదలైన కొలువు ఇది, ఈ ఇంట్లో దారం పట్టే చట్రాన్ని నేను. ఎప్పుడూ నా చేతుల మీద చుట్టలుగా వేసిన దారం చిలప ఉండేది, అందులోంచి దారం లాక్కుని మా ఆవిడ ఉండ చుట్టుకునేది, ఆ ఉండ కరిగి లేసు అయ్యేది. ఇవాళ దారం వెనక్కి నడుస్తోంది. ఎప్పుడో అల్లి ముగించిన దుప్పటిని ఒళ్లో పెట్టుకుని, చివరి ముడి కత్తెర మొనతో తెంపి కొస లాగుతోంది, వచ్చిన దారాన్ని తెచ్చి నా చేతులకే చుడుతోంది. క్రోషా అల్లిక అంతే, చివర ఒక్క ముడి మీద ఆగి ఉంటుంది, అది తెగిందా, పిలిచినట్టు ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చేస్తాయి కుట్లన్నీ. టుక్, టుక్, టుక్. ఇంత పెద్ద దుప్పటి పోతుంటే ఇంత చిన్న చప్పుడా అనిపిస్తుంది. మొదలుపెట్టిన వైపు అంచంతా ఎలుక కొట్టేసింది, పెట్టె తెరిచేదాకా తెలియలేదు. మనవరాలికి నెలలు నిండుతున్నాయి, పుట్టేవాళ్లకి చిన్న దుప్పటి కావాలి, అదీ ఈ దారంతోనే కావాలట. ఈ దారం ఇప్పుడు ఏ కొట్లోనూ లేదు, అది తీసిన మా నూలు మిల్లే లేదు. అందుకని బాగున్న వైపు నుంచి విప్పుతానని పొద్దున టీ గ్లాసు నా ముందు పెడుతూ చెప్పింది. ఊఁ అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అలా విప్పుకుంటూ పోతే మధ్యలో లోపలికి బిగిసిన నడుము వస్తుందని, అక్కడి వరసలు నావని.

నావని ఆవిడకి తెలుసో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆ వరసలు దుప్పటిలో ఉన్నాయి, దుప్పటి పెట్టెలో ఉంది, నేను ఇంట్లో ఉన్నాను, అది చాలనుకున్నాను. ఇప్పుడు ఆగు అనాలి. రెండు అక్షరాలు. మూడో క్లాసు వరకే చదివినా ఆ రెండు అక్షరాలు నాకు వచ్చు. అనకుండా చేతులు ఇంకాస్త ముందుకు చాపాను.

ముందు అంచు ఊడింది. గవ్వలు పేర్చినట్టుండే అంచు, అమ్మాయి పెళ్లి కుదిరిన ఏడాది వేసింది. అప్పటికి ఎన్నేళ్లుగానో ఈ దుప్పటి బుట్టలో పడి ఉండేది, బయటివాళ్లకి ఒప్పుకున్న అల్లికలన్నీ అయ్యాక మిగిలిన సమయంలో ఇంటి దుప్పటికి ఒక వరస, లేదంటే అరవరస. ఇక తెమలదేమో అనుకుంటే పెళ్లి వచ్చి తొందరపెట్టింది. కిటికీ కింద ఇదే కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే చుట్టాలకి మాటల్తోనే మర్యాదలు చేస్తూ ఉండేది, వేళ్లు మాత్రం తమ పని తాము చూసుకునేవి. వేళ్లకి కళ్లుండేవి అప్పుడు. ఇప్పుడు ఆ వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి పక్కకి వాలిపోయాయి. ఈమధ్య సూది పట్టగా చూడలేదు. చిన్న దుప్పటి అల్లుతానంటోంది, ఎలా అల్లుతుందో ఏమో, ఆ మాట కూడా నేను అనలేదు. ముక్కు మీద దురద. చేతులు రెండూ దారంలో ఉన్నాయి. ముక్కు ఎగబీల్చాను, అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఆవిడ తలెత్తకుండానే చెయ్యి చాపి గోకింది. ఎక్కడో సరిగ్గా అక్కడే. మళ్లీ లాగడం మొదలుపెట్టింది.

విప్పిన దారం తిన్నగా ఉండదు. ఇన్నేళ్లు ఏ ఒంపులో కూర్చుందో ఆ ఒంపుతోనే వస్తుంది, జడ విప్పిన జుట్టులా అలలు అలలుగా. తడిపి, బరువు కట్టి ఆరేస్తే గానీ ఆ అలలు పోవు. మధ్యమధ్య ముడి తగులుతుంది. మిల్లు ముడి. గొట్టాల అడుగున మిగిలిపోయిన దారం మిల్లులో పనివాళ్లకి ఇచ్చేవాళ్లు, నేను టిఫిను డబ్బా సంచిలో వేసుకుని తెచ్చేవాణ్ణి, ఒక్కో గొట్టం అయిపోయిన చోట ఇంకో గొట్టం అతకాలి. ఆవిడ మొదట్లో వేసే ముడి బఠాణీ గింజంత ఉండేది. అలా కాదని, మిల్లులో తెగిన పోగును మేం కలిపే ముడి చేసి చూపించాను, వేలికి తగిలీ తగలనట్టుండేది. "ఇంత పనితనం పెట్టుకుని నోరెత్తరేంటండీ మీరు" అంది. ఇప్పుడు ఆ ముడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగి దాటుతున్నాయి. నా మణికట్టు మీదికి వచ్చి పడుతోంది ముడి. ఇది మిల్లు మూతపడక ముందు ఏడాదిది అయ్యుండాలి, దారం కొంచెం పలుచన, అప్పటికే దూది మంచిది రావడం లేదు. ఇది అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు దాని మంచం పక్కన కూర్చుని అల్లింది. ఇక్కడ పసుపచ్చటి మరక, టీ ఒలికింది నా చేతిలోంచే, తిట్లు తిన్నాను, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, ఆ మరక మాత్రం ఇలా కనబడీ కనబడనట్టు మిగిలింది. దారం వెనక్కి నడుస్తుంటే నేనూ దాని కొస పట్టుకుని వెనక్కే నడుస్తున్నాను, ముందు ముసలివాళ్లం, తర్వాత పెళ్లి చేసినవాళ్లం, తర్వాత స్కూలు ఫీజుకి డబ్బు వెతుక్కున్నవాళ్లం.

మాటంతా ఆవిడదే ఎప్పుడూ. నా చేతులకి చిలప వేసిందంటే ఇక నేను కదలలేను కదా, అదే అదననుకునేది. పొద్దుటి నుంచీ దాచుకున్నవన్నీ అప్పుడు తీసేది, వాళ్ల చిన్నాన్న ఎలా నడిచేవాడు, పక్కింటి పిల్ల ఎందుకు ఏడ్చింది, మా అమ్మ తనని ఏమన్నది, తను ఏమనలేదు, ఏమని ఉండాల్సింది. నేను ఊఁ అనేవాణ్ణి. కథ చెప్పేవాళ్లకి ఊఁ కొట్టేవాడుండాలి, లేకపోతే కథ నడవదు, అంతవరకు నాకు చేతనవును. మధ్యలో ఊఁ ఆగితే ఉండ చుట్టడం ఆపేసి చూసేది. "నిద్రపోతున్నారా?" ఊహూఁ. "అయితే నేను చెప్పింది చెప్పండి." చెప్పేవాణ్ణి కాదు, అన్నీ విన్నాను, ఇప్పటికీ వాళ్ల చిన్నాన్న నడక నేను నడిచి చూపించగలను, కానీ చెప్పేవాణ్ణి కాదు. మా మేనత్త నన్ను చూసి బెల్లం కొట్టిన రాయిరా నువ్వు అనేది. మిల్లులో అయితే నా పేరు సైలెన్సర్. మా మేస్త్రీ, నాకు పని నేర్పినవాడు, పెదవి దాటితే పృథివి దాటుతుందిరా అనేవాడు, ఆయన దృష్టిలో నాదే సరైన పద్ధతి. ఆయన ఇంకో మాట కూడా అనేవాడు, వదులుగా ఉన్నది ఏదైనా ఊడిపోతుంది, బిగించు, బిగించాక ఇంకో పావు తిప్పు తిప్పు. నేను అలాగే బిగించేవాణ్ణి. నేను బిగించిన నట్టు విప్పాలంటే మళ్లీ నేనే రావాలని షెడ్డంతా నవ్వుకునేవాళ్లు. ఆవిడ క్రోషా సూది విరిగితే సైకిలు చక్రం పుల్ల ఒకటి తెచ్చి ఆకురాయితో కొక్కెం తీసి, గరుకు పోయేదాకా రుద్ది ఇచ్చాను. నేను ఆవిడకిచ్చిన మొదటి వస్తువు అదే. ఏం చెప్పి ఇవ్వాలో తెలియక దిండు కింద పెట్టాను. కొన్న సూదులు ఎన్ని వచ్చినా అల్లింది మాత్రం దాంతోనే, ఇదిగో ఇప్పుడు కూడా బుట్టలో ఉంది, వేలు ఆనే చోట అరిగి గుంట పడింది.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. ఎదురింటి టీచరమ్మ. రిటైరయ్యాక రోజుకి రెండుసార్లు వస్తుంది.

"ఏంటి వదినా, అన్నయ్యగారికి సంకెళ్లేశారా?"

"వేయకపోతే దొరుకుతారా? నడక అని చెప్పి వీధి చివర బెంచీ మీద కూర్చుంటారు."

"కూర్చుంటే కూర్చోనివ్వండి, మనల్నేమైనా మాటలంటున్నారా." నవ్వింది, నవ్వుతూనే ఒళ్లో ఉన్నది చూసి కూర్చోబోయేది ఆగిపోయింది. "అయ్యయ్యో, ఇది నడుము దుప్పటి కదూ? విప్పడానికి చేతులెలా వచ్చాయి మీకు?"

"ఇప్పుడింకా ఉన్నాయి కాబట్టి వచ్చాయి. రేపు ఉంటాయో లేదో."

"ఏం మాటలవి! నా ఇద్దరు కూతుళ్లకీ దీన్ని చూసి అల్లానండీ అన్నయ్యగారూ, తెలుసా మీకు? ఈ వీధిలో ఎవరింట్లో చూసినా ఈ నడుమే. నేను కుట్లు తగ్గించి తగ్గించి తల పగలగొట్టుకున్నాను, మళ్లీ పెంచేటప్పుడు వంకర. తీరా ఇందులో లెక్కపెడితే కుట్లు తగ్గనే లేదు! అటెన్నో ఇటన్నే. నడుము మాత్రం వచ్చి కూర్చుంది. అదేం మాయ వదినా, ఈరోజైనా చెప్పండి."

"మాయేం లేదు. అది అలా కుదిరింది."

"చూశారా, ఇప్పటికీ దాపరికమే. పోనీ మీరు చెప్పండి అన్నయ్యగారూ."

నేను దారం వంక చూశాను.

"ఆయన్ని అడిగేకన్నా ఆ స్తంభాన్ని అడుగు, అదైనా నయం" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వారు. టీచరమ్మ మాత్రం వెళ్లేముందు వంగి ఆ నడుము మీద చెయ్యి వేసి నిమిరింది, వెళ్లిపోయేవాళ్లని నిమిరినట్టు.

అది అలా కుదిరింది. ఎవరడిగినా ఎప్పుడూ ఇదే మాట. అది ఎలా కుదిరిందో నాకు తెలుసు. అమ్మాయికి పలక పట్టుకునే వయసు. రెండో కాన్పు నిలవలేదు. ఆవిడని ఆస్పత్రి నుంచి రిక్షాలో తెచ్చుకున్నాను, వచ్చి ఆ లోపలి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అంత మాటలావిడ, ఒక్క మాట లేదు. గ్లాసు పెడితే తాగేది, పెట్టకపోతే అడిగేది కాదు. వాళ్లక్క వచ్చి వంటింటి పని చూసుకుంది, చుట్టాలు వచ్చి మంచం చుట్టూ కూర్చుని చెప్పాల్సినవన్నీ చెప్పారు, పోయినదాని గురించి బెంగెందుకన్నారు, చిన్నవాళ్లే కదా అన్నారు. నేనూ ఏదో ఒకటి అనాలని అందరూ నా వంక చూసేవాళ్లు. నాకు రాత్రి షిఫ్టు, పగలు ఇంట్లో ఉండేవాణ్ణి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. బుట్టలో ఈ దుప్పటి, సగం దాకా వచ్చి, సూది ఆఖరి ఉచ్చులో గుచ్చి అలాగే ఉండిపోయింది. అన్ని రోజులు సూది కదలకుండా ఉండటం ఈ ఇంట్లో నేను ఎరగను. దాని చప్పుడు లేకపోతే గడియారం ఆగినట్టుండేది. ఒక మధ్యాహ్నం తీశాను. చూసి చూసి ఉన్నదే, దారం సూది మీద ఎలా పడాలో, ఎలా దూరి ఎలా బయటికి రావాలో, మర పనిచేసేది చూస్తే పట్టుబడేది నాకు. పట్టుబడింది గానీ అల్లిక బిగుసుకుపోయింది. ఇంకో పావు తిప్పు తిప్పే చెయ్యి కదా. ఒక్కో ఉచ్చులోంచి సూది దూరాలంటే కిర్రుమనేది, దారం ఇనుప పుల్లకి రాసుకుని, కొత్త చెప్పులు కిర్రుమన్నట్టు. ఆవిడ నిద్రపోతోందిలే అనుకునేవాణ్ణి. గుమ్మంలో అమ్మాయి నిలబడి చూసి, "నాన్నా, నువ్వు అమ్మ పని చేస్తున్నావా?" అంటే పెదవి మీద వేలు పెట్టాను, అదీ వేలు పెట్టుకుని వెళ్లిపోయింది. ఎన్నో మధ్యాహ్నాలు. ఆవిడ వీపు చూస్తూ, ఒక వరస అయిపోతే తిప్పుకుని ఇంకో వరస. చెప్పాలనుకున్నది ఏదో ఉండేది, అది ఏమిటో నాకే తెలిసేది కాదు, ఒక కుట్టు పడితే ఆ తర్వాతి కుట్టు పడేది.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ లేచి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పటి. బిగిసి లోపలికి పోయిన ఆ వరసల మీద వేళ్లు అటూ ఇటూ నడుస్తున్నాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ సంగతి వీధంతా ఎరుగుదురు, ఒక్క కుట్టు వంకర పోతే పది వరసలైనా విప్పేసేది, ఎవరో పెద్దింటివాళ్లు ఇంకో గంటలో కారులో వస్తారనగా బల్లగుడ్డ మొత్తం విప్పేసి మళ్లీ అల్లిన మనిషి. లాగుతుంది, ఇప్పుడు లాగేస్తుంది అనుకుంటూ నిలబడ్డాను. లాగలేదు. నా ఆఖరి ఉచ్చులో సూది గుచ్చబోయింది, దూరలేదు, తిప్పింది, నొక్కింది, ఎలాగో దూర్చింది. తన కుట్టు వేసింది. తన చేతి వదులుకి దుప్పటి మళ్లీ మెల్లగా విచ్చుకుంది. అలా అయింది ఆ నడుము. ఆ సాయంత్రం వాళ్లక్కని, ఉప్పు ఎక్కువైందేంటే కూరలో, అంది. అవే మొదటి మాటలు. నన్ను ఏమీ అనలేదు. వాళ్లక్క అల్లిందనుకుందేమో. తెలివి లేని ఆ రోజుల్లో తనే అల్లుకున్నాననుకుందేమో. లేక తెలిసి ఊరుకుందేమో. ఈ మూడింట్లో ఏదో తెలియకుండానే నా జుట్టు నెరిసింది.

టుక్ టుక్ ఆగిపోయింది. తలెత్తి చూశాను. నడుము. ఇక ఇటు ఒక్క వరస కూడా ఆవిడది లేదు, తర్వాతి కుట్టు నాదే. ఆవిడ దారం కత్తిరించింది. నా చేతుల మీద ఉన్న చిలపను మెల్లగా జార్చి తీసింది, రెండు చోట్ల కట్టింది, పక్కన పెట్టింది. "ఇది తడపాలి" అంది. చేతులు ఖాళీ అయ్యాయి. ముక్కు గోక్కోవచ్చు, లేచి దుప్పటి లాక్కోవచ్చు, ఆగు అనొచ్చు. ఇన్నేళ్లకి ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి చేతులు. "పట్టండి" అంది. మళ్లీ చాపాను. అలవాటు, ఏం చేయను. కొస పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. ఉచ్చు దారాన్ని పట్టుకుని వదలలేదు, ఆ ఉబ్బిన వేళ్లతో గోరు దూర్చి, పళ్లు బిగించి లాగితే అప్పుడు ఒక్కటి వచ్చింది, మళ్లీ ఒక్కటి. టుక్ మని కాదు, ఏదో గొణిగినట్టు. వచ్చిన దారం అలలు కాదు, పొట్టి పొట్టి మెలికలు, ముళ్లకంపకి చిక్కిన గొర్రె ఉన్నిలా ముడుచుకుపోయి. వచ్చి నా మణికట్ల మీద పడుతోంది. ఆ ఎండ, ఆ స్టూలు, ఆ వీపు, ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. పోతున్నాయి. లేచి నా చేతుల మీదికే వస్తున్నాయి. నా కళ్లకి ఎందుకో సరిగ్గా కనబడటం లేదు, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆఖరి వరస కూడా వచ్చేసింది. కింద మిగిలిన సగంలో ఆవిడ పాత ఉచ్చు బయటపడింది, అప్పట్లో సూది గుచ్చి వదిలేసిన ఉచ్చే. దానికో ముడి వేసి మూసింది. చిలప తీసి, కట్టి, తడిపేదాని పక్కన పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. కొస వెతికి, బుట్టలోంచి సైకిలు పుల్ల సూది తీసి, రెండూ నా ఒళ్లో పెట్టింది.

"ఇది తడపక్కర్లేదు. మొదలుపెట్టండి."

"నేనా?" అన్నాను.

"మరి అప్పుడు ఎవరు అల్లారు? గోడా?"

నేను సూది వంక చూశాను.

"గోడవైపు తిరిగి పడుకుంటే చెవులు కూడా గోడకిచ్చేస్తాననుకున్నారా? ఆ కిర్రు కిర్రు ఒక్కటే వినబడేది నాకు. చుట్టాలు చెప్పిందేదీ వినబడలేదు. అది ఆగితే భయమేసేది, లేచి వెళ్లిపోయారేమోనని." ఉబ్బిన వేళ్లు విప్పి చూపించింది. "నా చెయ్యి వదులైపోయిందండీ. దారం నిలవడం లేదు. అందరూ అంచు నుంచి అల్లుతారు, మనం నడుము నుంచి అల్లుదాం. నడుము మీరు వెయ్యండి, అటూ ఇటూ ఎంత వస్తే అంత నేను వేస్తాను."

సూది తీసి, ఆవిడ వేలు అరగదీసిన గుంటలో నా వేలు ఆనించాను.

"లావు సూది ఇవ్వు" అన్నాను. "నా చెయ్యి బిగువు. ఇది దూరదు."

"వద్దు. ఇదే. దూరకపోతేనే కదా నడుము."

లేచి వెళ్లి లోపలి గదిలో మంచం మీద పడుకుంది. తలుపు తీసే ఉంది. గోడవైపు తిరిగింది, ఆ వీపు నాకు తెలిసిన వీపే, ఇప్పుడు కొంచెం వంగింది అంతే. నేను స్టూలు తెచ్చుకుని పక్కన వేసుకున్నాను. దారానికి మొదటి ఉచ్చు వేశాను, గొలుసు అల్లాను, తిప్పుకున్నాను. దారం దాని పాత మెలికల్లోకి తనే వెళ్లి కూర్చుంటోంది, దారి తెలిసిన ఎద్దులా. సూది గుచ్చాను. దూరలేదు. నొక్కాను.

కిర్రుమంది.

"ఊఁ" అంది ఆవిడ, గోడవైపు నుంచి.